షెడ్డులో మిగిలిపోయిన పాత కారు: ధర కట్టడం, అమ్మడం

హైదరాబాద్‌లో పాత ఇల్లు డెవలప్‌మెంటుకి ఇచ్చేటప్పుడు బయటపడే సామాన్లలో కారు కూడా ఒకటి. మారేడ్‌పల్లిలోనో హిమాయత్‌నగర్‌లోనో పెరటి షెడ్డులో టార్పాలిన్ కింద ఓ ప్రీమియర్ పద్మినో అంబాసిడరో ఉంటుంది. తాతగారు పోయాక దాన్ని కదిపినవాళ్లు లేరు. బిల్డరేమో ఫలానా తేదీకల్లా ఖాళీ చేయమంటాడు. ఆ తొందరలో కొందరు కబాడీకి తూకం లెక్కన ఇచ్చేస్తారు. ఇంకొందరు "రంగేయిస్తే మంచి రేటొస్తుంది" అన్న మాట నమ్మి లక్షా లక్షన్నర పోస్తారు. రెండూ దండగే. పాత కార్లు కొనేవాడు ఎవరూ ముట్టుకోని ఒరిజినల్ సామానుకి డబ్బిస్తాడు, తేడా లేని కాగితాలకి డబ్బిస్తాడు. మీ కొత్త పెయింటు అతనికి అక్కర్లేదు. దాని కింద తుప్పు దాచారేమోనన్న అనుమానం ఒకటి ఎదురొస్తుంది.

అందుకే మెకానిక్‌ని పిలిచే ముందు బీరువా తీయండి.

కాగితాలు

కావాల్సింది ముందుగా ఒరిజినల్ ఆర్‌సీ. మోటారు వాహనాల చట్టం 1988 రాకముందు ఇక్కడ రిజిస్టరైన బండ్లకి 'ఎ'తో మొదలయ్యే మూడక్షరాల నంబరు, చేత్తో రాసిన ఆర్‌సీ పుస్తకం ఉంటాయి. ఆ పుస్తకంలో ప్రతి పేజీ చదవండి. ఓనర్లు ఎందరు మారారు, చివరి పేరు ఎవరిది, రిజిస్ట్రేషన్ ఎప్పటిదాకా చెల్లుతుంది, ఫైనాన్స్ కంపెనీ పేరుతో హైపోతికేషన్ (అప్పుకి బండి తాకట్టు) ముద్ర ఉందా? ఈ చివరిదాన్ని చాలామంది చూడరు. అప్పు ఎప్పుడో 1985లో తీరిపోయి ఉంటుంది, కానీ ముద్ర కొట్టేయించి ఉండరు. దాన్ని తీయించాలంటే ఫామ్ 35 మీద ఫైనాన్సర్ సంతకం, ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి. ఆ కంపెనీ ఇప్పుడు లేకపోతే, దాన్ని కలుపుకున్న బ్యాంకు ఏదో వెతుక్కుంటూ నెలలు పడుతుంది. బేరం కుదిరాక ఈ సంగతి తెలిస్తే బేరం పోయినట్టే.

ఓనరు చనిపోతే 30 రోజుల్లో ఆర్టీఏకి తెలపాలి, మూడు నెలల్లో ఫామ్ 31తో వారసుడి పేరు మీదికి మార్పించుకోవాలి. ఇరవై ఏళ్లు దాటినా ఎవరూ చేయించి ఉండరు, అది మామూలే. ఆలస్యానికి జరిమానా పడుతుంది గానీ దారి మూసుకుపోదు. డెత్ సర్టిఫికెట్, మీసేవ ద్వారా తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసులందరి దగ్గరా అభ్యంతరం లేదని అఫిడవిట్లు సిద్ధం చేసుకోవాలి. కారు తాతగారి పేరు మీద ఉండి నాన్నగారు కూడా పోయి ఉంటే రెండు తరాల కాగితాలూ కావాలి. మేనత్తల సంతకాలు కూడా. అమెరికాలో ఉన్న బాబాయి సంతకానికి అక్కడి ఇండియన్ కాన్సులేట్‌లో అటెస్టేషన్ చేయించాల్సి వస్తుంది కాబట్టి దాన్నే ముందు మొదలుపెట్టండి. ఆర్‌సీ కనబడకపోతే పోలీసు ఫిర్యాదు కాపీతో ఫామ్ 26 మీద డూప్లికేట్‌కి వెళ్లాలి. అప్పుడు పాత ఇన్సూరెన్స్ కాగితం అక్కరకొస్తుంది, ఎందుకంటే ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు రెండూ అందులో ఉంటాయి. పాత డైరీలు, ట్యాక్స్ రసీదులు పారేయకండి.

రిజిస్ట్రేషన్ గడువు దాటిన కారుకి రెండు దారులున్నాయి. మొదటిది మామూలు రెన్యువల్. ఫామ్ 25 పెట్టి, బండిని ఇన్స్‌పెక్షన్‌కి చూపిస్తే ఐదేళ్లకి ఇస్తారు. ఇరవై ఏళ్లు దాటిన కారుకి కేంద్రం రెన్యువల్ ఫీజుని 2025లో 10,000 రూపాయలు చేసింది. ఆలస్యానికి నెలకి 500 చొప్పున అదనం, దాని మీద పాత బండ్లకి వేసే గ్రీన్ ట్యాక్స్. ఏళ్ల తరబడి ఆగిన బండికి ఈ మొత్తం ఎంతవుతుందో ముందే కనుక్కుని ధరలో పెట్టుకోవాలి. ఢిల్లీలో పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్ల మీద ఉన్న ఆంక్షలు తెలంగాణలో లేవు. టీవీలో ఢిల్లీ వార్త చూసి భయపడి తుక్కుకి ఇచ్చేసినవాళ్లున్నారు.

రెండోది వింటేజ్ రిజిస్ట్రేషన్. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చని బండికి 2021 నిబంధనల ప్రకారం ఇది దొరుకుతుంది. ఫీజు 20,000, చెల్లుబాటు పదేళ్లు. నంబరు లేని బండికి 'వీఏ' అక్షరాలతో కొత్త నంబరిస్తారు, ఇప్పటికే నంబరు ఉంటే పాతదే ఉంచుకోవచ్చు. కాకపోతే ఈ బండిని రోజూ తిప్పడానికి లేదు. ర్యాలీ, ప్రదర్శన, పెట్రోలు, రిపేరు, అంతే. ఆదివారం పొద్దున ట్యాంక్‌బండ్ మీద ఓ రౌండు వేద్దామనుకునేవాడే మన కొనుగోలుదారుల్లో ఎక్కువ కాబట్టి, పాత ఆర్‌సీ బతికించే వీలుంటే మొదటి దారే మేలు. వింటేజ్ చేయించాలో వద్దో కొనేవాడికే వదిలేయండి.

నంబర్లు కలవాలి

ఆర్‌సీలో ఉన్న ఛాసిస్, ఇంజిన్ నంబర్లు బండి మీద ఉన్నవాటితో అక్షరం తేడా లేకుండా కలవాలి. బానెట్ ఎత్తితే ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ సీట్లకీ మధ్య ఉండే రేకు గోడ) మీద రేకు ప్లేటు కనిపిస్తుంది. ఇంజిన్ నంబరు బ్లాకు మీద కొట్టి ఉంటుంది, గ్రీజు మట్టి కింద. కిరోసిన్‌లో తడిపిన గుడ్డతో తుడవండి. వైరు బ్రష్షు, శాండ్‌పేపరు వాడొద్దు. అంకెల మీద కొత్త గీతలు పడితే ఇన్స్‌పెక్టరుకి నంబరు కెలికారన్న అనుమానం వస్తుంది. తుడిచాక పల్చటి కాగితం పెట్టి మెత్తటి పెన్సిల్‌తో అడ్డంగా రుద్దితే అంకెలు తెల్లగా పైకొస్తాయి. ఈ పెన్సిల్ ప్రింట్లు ఎలాగూ ఆర్టీఏ ఫారాల మీద అడుగుతారు, నాలుగు తీసి పెట్టుకోండి.

ఇక్కడ మన ఊళ్లో ఎక్కువగా కనిపించే తేడా డీజిల్ మార్పిడి. పెట్రోలు రేటుకి తట్టుకోలేక ఒకప్పుడు అంబాసిడర్లకీ ఫియట్లకీ (పద్మిని కూడా ఫియట్ మోడలే) డీజిల్ ఇంజిన్లు ఎక్కించారు. ఆర్‌సీలో ఎక్కించి ఉంటే చట్టం వైపు నుంచి ఇబ్బంది లేదు, సేకరించేవాడి దగ్గర మాత్రం ధర తగ్గుతుంది. ఎక్కించకపోతే పేరు మార్పు దగ్గరే ఆగిపోతుంది. తీసేసిన ఒరిజినల్ ఇంజిన్ ఏ మూలైనా గోనెసంచి కింద ఉందేమో వెతకండి. జామ్ అయినా సరే, ఆ నంబరున్న బ్లాకుకి విలువుంది.

తుప్పు ఎక్కడుంటుంది

పద్మిని, అంబాసిడర్ రెండూ మోనోకాక్ బాడీలు. విడిగా ఛాసిస్ ఫ్రేము ఉండదు, ఫ్లోరు రేకే బండి బరువు మోస్తుంది. కాబట్టి ఫ్లోరులో చిల్లంటే అది అందానికి సంబంధించిన సంగతి కాదు, బండి నడుముకి వచ్చిన జబ్బు. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ వేరు. దానికి కింద ఫ్రేము ఉంటుంది, బాడీ ముక్కలు దాని మీద బోల్టులతో కూర్చుంటాయి. పైన ఎంత తుప్పున్నా ఫ్రేము, దాని నుంచి పక్కలకి వచ్చే చేతులు గట్టిగా ఉంటే బాగుచేయొచ్చు.

షెడ్డుకి కప్పుంది కదా, తుప్పెక్కడిదంటారు. మట్టి నేల మీద నిలిపిన బండికి జూన్ నుంచి సెప్టెంబరు దాకా తేమ కింది నుంచి ఎక్కుతుంది, పైన కప్పిన టార్పాలిన్ దాన్ని బయటికి పోనివ్వదు. అందుకే రూఫు మెరుస్తూ ఉంటుంది, ఫ్లోరు జల్లెడై ఉంటుంది. రబ్బరు మ్యాటు ఎత్తండి. దాని కింద నార గుడ్డ ఉంటుంది, నీళ్లు పీల్చి ఏళ్లపాటు పట్టుకునేది అదే. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంట చూడండి. డోర్ల అడుగున నీళ్లు కారే రంధ్రాలుంటాయి, వేపాకు పడి అవి మూసుకుంటే డోరు లోపలి నుంచి తింటుంది. అంబాసిడర్‌లో వెనక కమాను పట్టీలు బాడీకి కలిసే చోట, పద్మినిలో బ్యాటరీ కింద రేకు, ముందు డోరు కీలు దిగువన ఉన్న పిల్లరు చూడాలి. డోర్ల కింద పొడుగునా ఉండే బాక్సుని స్క్రూడ్రైవరు పిడితో తట్టుకుంటూ పోండి. ఖంగుమంటే రేకు, డబ్‌మంటే పుట్టీ లేదా తుప్పు. చిన్న అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి మడ్‌గార్డు అంచుల మీద జరిపినా తెలిసిపోతుంది, పుట్టీ మందంగా ఉన్నచోట అది పట్టుకోదు.

చూసింది చూసినట్టు ఫోటో తీయండి. తుప్పు ఫోటోలు ప్రకటనలో పెట్టడానికి మనవాళ్లు జంకుతారు. పెట్టాలి. అవి చూసీ వచ్చినవాడే నిజంగా కొనేవాడు.

ఇంజిన్ తిప్పాలా?

సెల్ఫ్ కొట్టొద్దు. తోసి, లాగి గేరులో స్టార్ట్ చేయనివ్వొద్దు. "ఒక్కసారి బ్యాటరీ పెట్టి చూద్దాం సార్" అనే మెకానిక్ వల్ల పాడైన ఇంజిన్లు తక్కువేం కావు. ఏళ్లపాటు ఆగిన ఇంజిన్‌లో రింగులు సిలిండరు గోడకి తుప్పుతో అతుక్కుని ఉంటాయి, ఒకటో రెండో వాల్వులు గైడ్లలో పట్టేసి ఉంటాయి. పద్మిని 1089 సీసీ, అంబాసిడర్ ఎక్కువగా 1489 సీసీ, ఈ రెండూ పుష్‌రాడ్ (కడ్డీతో వాల్వుని కదిపే) ఇంజిన్లే. వాల్వు కదలకుండా ఉన్నప్పుడు బలవంతంగా తిప్పితే పుష్‌రాడ్ వంగుతుంది, రింగు విరిగి సిలిండరు గీసుకుంటుంది. అప్పుడిక బోరింగ్ చేయించి పిస్టన్లు వేయాల్సిందే.

చేయాల్సింది ఇది. ముందు ఎయిర్ క్లీనరు తీసి ఎలుక గూడుందేమో చూడండి, సైలెన్సరు గొట్టంలోనూ. డిప్‌స్టిక్ లాగితే నూనె పాలు కలిపిన కాఫీలా ఉంటే లోపలికి నీళ్లు పోయాయని అర్థం, అక్కడితో ఆగి ఆ విషయం కొనేవాడికి చెప్పేయడం మంచిది. బాగుంటే నాలుగు ప్లగ్గులూ తీసి, ఒక్కో సిలిండర్లో రెండు చెంచాల పల్చటి ఇంజిన్ ఆయిలు గానీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిలు గానీ పోసి, కనీసం రెండు రోజులు వదిలేయండి. తర్వాత గేరు న్యూట్రల్‌లో పెట్టి, ముందు పుల్లీ నట్టుకి పానా వేసి గానీ, హ్యాండిల్ ఉంటే దాంతో గానీ చేత్తో కదపండి. అటు కొంచెం, ఇటు కొంచెం. గట్టిగా అడ్డుకుంటే మళ్లీ ఆయిలు పోసి వారం ఆగండి. రెండు పూర్తి చుట్లు సాఫీగా తిరిగిందా? వీడియో తీసి పెట్టుకోండి. "ఇంజిన్ ఫ్రీ" అని చూపించగలగడమే ధరలో మంచి తేడా తెస్తుంది, స్టార్ట్ కాకపోయినా.

స్టార్ట్ చేసి చూపించాలనే ఉంటే ట్యాంకులో పెట్రోలు ముట్టుకోవద్దు. అది ఎప్పుడో వార్నిష్ అయిపోయి ఉంటుంది. ట్యాంకు పైపు విప్పేసి, కొత్త పెట్రోలు సీసాని సెలైన్‌లా పైన వేలాడదీసి కార్బరేటరుకి నేరుగా ఇవ్వాలి. ఇంజిన్ ఆయిలు, ఫిల్టరు ముందే మార్చాలి. కార్బరేటరు విప్పి జెట్లు కడగాలి, డిస్ట్రిబ్యూటర్ పాయింట్లని సన్నటి ఆకురాయితో శుభ్రం చేసి గ్యాప్ 0.4 మిల్లీమీటర్ల దరిదాపుల్లో పెట్టాలి. పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాలి. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇథనాల్ కలిపిన ఈ20. పాత రబ్బరు పైపుల్నీ ఫ్యూయల్ పంపు డయాఫ్రమ్‌నీ అది మెత్తబరుస్తుంది, కారితే నేరుగా వేడి ఇంజిన్ మీద పడుతుంది. తొలి అంబాసిడర్లలో లూకాస్ వైరింగ్ పాజిటివ్ ఎర్త్ ఉంటుంది, అంటే బ్యాటరీ పాజిటివ్‌ని బాడీకి కలుపుతారు. అలవాటుగా నెగెటివ్‌ని బాడీకి కలిపేస్తే చిక్కు. ముందు బ్యాటరీ కేబుళ్లలో బాడీకి బిగించినది ఏదో చూసుకుని కలపండి.

బ్రేకుల జోలికి పోవద్దనే నా సలహా. బ్రేక్ ఆయిలు గాల్లోని నీటిని పీల్చుకుంటుంది, వీల్ సిలిండర్లు లోపలే తుప్పుపట్టి బిగుసుకుంటాయి. వాటిని బాగుచేయించడం కొనేవాడి పని. మీకు కావాల్సింది చక్రాలు తిరగడం. డ్రమ్ము అడ్జస్టరు వెనక్కి తిప్పి, చెక్క సుత్తితో చుట్టూ తడితే చాలావరకు వదులుతుంది. క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కి అతుక్కుని ఉన్నా దాన్నీ అలాగే వదిలేయండి.

చిల్లర సామాను

ఇది చదివేవాళ్లలో ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. షెడ్డు అటకమీద అట్టపెట్టెలో వీల్ కప్పులు, గ్రిల్లు ముక్క, హెడ్‌లైటు రింగులు, హారన్ రింగు, డోరు హ్యాండిళ్లు, జాకీ, స్టార్టింగ్ హ్యాండిల్, గీతలు పడని వెనకద్దం ఉంటాయి. ఇంజిన్ సామాను రాణిగంజ్‌లోనో ఆటోనగర్‌లోనో తిరిగితే దొరుకుతుంది లేదా లేత్ మీద చేయించవచ్చు. క్రోమ్ సామాను, అద్దాలు, మీటర్లు అలా దొరకవు. చచ్చిన ఇంజిన్‌తో క్రోమ్ అంతా ఉన్న ఫియట్‌కి, నడిచే ఇంజిన్‌తో బోడిగా ఉన్న ఫియట్‌కి మధ్య నేనైతే మొదటిదానికే ఎక్కువ పెడతాను. కారు చూడ్డానికొచ్చి "ఈ పాత డబ్బా నేనే పారేస్తాలెండి" అనేవాణ్ణి గమనించండి, వాడికి కారు కన్నా ఆ డబ్బా ముఖ్యం.

ధర

ఆన్‌లైన్ ప్రకటనల్లో ఉండేవి అడిగే ధరలు. అదే ఫోటో ఆరు నెలలుగా తిరుగుతోందంటే ఆ ధరకి ఎవరూ కొనలేదని అర్థం. ధర కట్టేటప్పుడు వెనక నుంచి ముందుకి రండి. అదే మోడల్ పూర్తిగా బాగుచేసినది నిజంగా ఎంతకి అమ్ముడుపోతోంది? అందులోంచి బాగుచేసే ఖర్చు తీయండి, కొనేవాడి శ్రమకీ రిస్కుకీ కొంత తీయండి. లెక్క చూపించడానికి మాత్రమే కొన్ని అంకెలు అనుకుందాం: బాగుచేసిన కారు 4.5 లక్షలు. టింకరింగ్, పెయింటింగ్ 1.5 లక్షలు, ఇంజిన్ 60 వేలు, సీట్లు 30 వేలు, బ్రేకులు టైర్లు వైరింగ్ 50 వేలు, క్రోమ్ 40 వేలు. మొత్తం 3.3 లక్షలు. మిగిలింది 1.2 లక్షలు, రిస్కు కింద 30 వేలు పోతే మీ కారు 90 వేలది. ఇప్పుడు అదే కారుకి ఫ్లోరు గట్టిగా ఉండి, రేకు పని ఒక లక్ష తగ్గిందనుకోండి. ధర 1.9 లక్షలవుతుంది, రెట్టింపు పైనే. తుప్పు గురించి అంతసేపు చెప్పింది ఇందుకే. అన్నిటికన్నా కింది ధర తుక్కుది. పద్మిని దాదాపు 900 కిలోలు, అందులో అద్దాలు, రబ్బరు, సీట్లు తీసేసి ఆ రోజు ఇనుము రేటుతో గుణించుకోండి. దాని దగ్గరగా ఎవడైనా అడిగితే వాడు కబాడీయే, మాటలు ఏవైనా.

మోడల్ కూడా చూడాలి. తొలి ఫియట్ 1100లు, అంబాసిడర్ మార్క్ 1, 1983 డిసెంబరులో వచ్చిన తొలి రకం మారుతి 800 కోసం తిరిగేవాళ్లున్నారు. తొంభైల చివరి పద్మినిలు ఇంకా చాలానే ఉన్నాయి, వాటి దగ్గర ఆశ తగ్గించుకోవాలి. పాత మూడక్షరాల నంబరంటే మోజుపడేవాడు తెలంగాణలోనే దొరుకుతాడు. వేరే రాష్ట్రంవాడు మామూలుగా రీ-రిజిస్ట్రేషన్ చేయించుకుంటే నంబరు మారిపోతుంది కాబట్టి దానికి అదనంగా ఇవ్వడు. అన్నదమ్ముల్లో ఒకరు ఉంచుకుని మిగతావాళ్లకి వాటా ఇచ్చే పక్షంలో లైసెన్సున్న మోటారు సర్వేయరుతో వాల్యుయేషన్ రాయించుకోండి. ఆ ఖర్చు తక్కువ, పండగలకి మాటలు నిలుస్తాయి.

అమ్మకం

ముందు ఫామ్ 31తో వారసుడి పేరు మీదికి, ఆ తర్వాత ఫామ్ 29, 30తో కొనేవాడి పేరు మీదికి. వేరే రాష్ట్రానికి పోతే ఫామ్ 28 ఎన్‌ఓసీ. "ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టివ్వండి, మేం చూసుకుంటాం" అంటే ఒప్పుకోవద్దు. యాక్సిడెంట్ జరిగితే రిజిస్టర్లో పేరున్నవాడే బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది. ఈ-చలాన్లు కూడా మీ పేరు మీదే వస్తాయి. బయానా తీసుకుంటే కాగితం మీద రాయండి: మొత్తం ధర, మిగతా సొమ్ము గడువు, పేరు మార్పు ఖర్చు ఎవరిది, బండి ఉన్నది ఉన్నట్టుగా అమ్మకం, పక్కన ఇచ్చే సామాను జాబితా. బయానా అందినా పూర్తి డబ్బు రాకుండా ఒక్క బోల్టు కూడా బయటికి పోనివ్వకండి. చూడకుండానే ధర ఒప్పేసుకుని క్యూఆర్ కోడ్ పంపేవాడు మోసగాడు, ఫోన్ పెట్టేయండి.

రెండు లక్షలు, అంతకు మించి అయితే నగదు తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు, బ్యాంకు ద్వారానే. సొంతానికి వాడుకున్న కారు అమ్మితే మామూలుగా క్యాపిటల్ గెయిన్స్ పన్ను ఉండదు. అయితే 1931 నాటి ఫోర్డ్ టూరర్ కేసులో బొంబాయి హైకోర్టు, సొంతానికి వాడినట్టు రుజువు చూపలేదని పన్ను పడుతుందనే అంది. కాబట్టి ఇంట్లోవాళ్లు ఆ కారులో తిరిగిన ఫోటోలు, పెట్రోలు, సర్వీసు బిల్లులు దాచండి. ధర పెద్దదైతే ఆడిటర్ని ఓసారి అడగండి.

బండిని ఇంటి నుంచి నడిపించి పంపకండి. ఇన్సూరెన్సు లేకుండా రోడ్డెక్కితే మొదటిసారికే 2,000 జరిమానా, బ్రేకుల్లేని బండి వల్ల జరిగేదానికి అంతే లేదు. ఫ్లాట్‌బెడ్ పిలిపించి వించ్‌తో ఎక్కించాలి. కొక్కేన్ని బంపరుకి కాకుండా ముందు సస్పెన్షన్ దగ్గర గట్టి భాగానికి తగిలించమనండి, పాత బంపరు బ్రాకెట్లు లాగితే ఊడొస్తాయి. టైర్లలో ముందు రోజే గాలి కొట్టి చూసుకోండి. పాత రబ్బరు గాలి నిలపకపోతే, అదే సైజు పాత టైర్లు నాలుగు అద్దెకో అరువుకో తెచ్చి వేస్తే ఎక్కించే పని అరగంటలో అయిపోతుంది.